నోరు పూస్తే ‘వేడి’ అని సరిపెట్టుకోవద్దు

కీమోథెరపీ చేయించుకుని ఇంటికొచ్చి వారం రోజులైంది. వాంతులు తగ్గాయి. ‘హమ్మయ్య, ఈసారికి గండం గడిచింది’ అని ఇంట్లో అందరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఆ రోజు పొద్దున అమ్మ కాఫీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి మళ్లీ కింద పెట్టేసింది. ‘నోరు మండుతోందిరా’ అంది. మధ్యాహ్నం చారన్నం రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది. ‘వేడి చేసిందిలే, ఆ మందులన్నీ వేడే కదా. మజ్జిగ తాగు’ అని ఒకరన్నారు. ‘బి-కాంప్లెక్స్ వేసుకుంటే రెండు రోజుల్లో పోతుంది’ అని మరొకరన్నారు. ఆసుపత్రికి మాత్రం ఎవరూ ఫోను చేయలేదు. మళ్లీ కీమోకు వెళ్లినప్పుడు చెబుదాం, ఇంత చిన్నదానికి క్యాన్సర్ డాక్టరును విసిగించడం ఎందుకు అనుకున్నారు.

ఇది మీ ఇంట్లో జరిగి ఉండొచ్చు. మీ చుట్టాలింట్లోనో, పక్కింట్లోనో జరిగి ఉండొచ్చు. అందుకే ఈ వారం మీతో ఈ ఒక్క విషయమే మాట్లాడాలనుకుంటున్నాం. కీమో తర్వాత వచ్చే నోటిపూత ‘వేడి’ కాదు, ఓర్చుకుని ఊరుకోవాల్సిన చిన్న ఇబ్బందీ కాదు. అది మందు వల్ల నోటికి అయిన గాయం. చాలావరకు దాన్ని తగ్గించుకోవచ్చు. కొన్ని సందర్భాల్లో రాకుండానే చూసుకోవచ్చు. అశ్రద్ధ చేస్తే మాత్రం తిండి ఆగిపోతుంది, ఒళ్లు నీరసిస్తుంది, తర్వాతి కీమో వాయిదా పడుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

ఎందుకు పూస్తుంది?

క్యాన్సర్ కణాలు ఆగకుండా, వేగంగా విభజన చెందుతుంటాయి. కీమో మందులు చాలావరకు అలా వేగంగా విభజన చెందే కణాలనే దెబ్బతీస్తాయి. కానీ మన ఒంట్లో మంచి కణాల్లోనూ ఆ వేగం ఉన్నవి ఉన్నాయి. జుట్టు కుదుళ్లు, ఎముక మూలుగ, పేగుల లోపలి పొర, నోటి లోపలి పొర ఆ కోవకే వస్తాయి. నోటి లోపలి మెత్తని చర్మం ఒకటి రెండు వారాల్లోనే పూర్తిగా కొత్తదవుతుంది. మందు పడగానే ఈ కొత్త కణాలు పుట్టడం ఆగిపోతుంది. పాతవి మామూలుగానే రాలిపోతుంటాయి. పొర పలచబడి, ఎర్రబడి, చివరికి తెగి పుండవుతుంది.

అందుకే ఇది కీమో ఎక్కించిన రోజున కనిపించదు. సాధారణంగా అయిదు నుంచి పది రోజుల మధ్య మొదలవుతుంది. రెండో వారంలో బాగా బాధపెడుతుంది. ఇన్ఫెక్షన్ సోకకపోతే మొత్తం మీద రెండు మూడు వారాల్లో మానిపోతుంది. ఇక్కడ మరో చిక్కుంది. తెల్లరక్తకణాలు బాగా పడిపోయేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. అంటే నోట్లో గాయం తెరుచుకుని ఉన్న సమయానికే ఒంట్లో కాపలా తగ్గిపోతుంది. నోట్లో మామూలుగా ఉండే సూక్ష్మజీవులే ఆ పుండు గుండా రక్తంలోకి దారి చేసుకుంటాయి. నోటిపూతను తేలిగ్గా తీసుకోవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి అసలు కారణం ఇదే.

కీమో మందులన్నీ నోటిని ఒకేలా బాధించవు. 5-ఎఫ్‌యూ, దాని మాత్ర రూపం లాంటి కాపెసిటబిన్, మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, సైటరబిన్, అధిక మోతాదులో ఇచ్చే మెల్ఫలాన్ వంటి మందులతో నోటిపూత ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు మోతాదు కీమో తీసుకునేవారిలో సుమారు 20 నుంచి 40 శాతం మందికి, మూలుగ మార్పిడి కోసం అధిక మోతాదు తీసుకునేవారిలో 80 శాతం వరకు నోరు పూస్తుంది. నోరు, గొంతు క్యాన్సర్లకు కీమోతోపాటు రేడియేషన్ కూడా ఇస్తే దాదాపు అందరికీ వస్తుంది. వారికి రేడియేషన్ రెండు మూడు వారాలు సాగాక మొదలై, చికిత్స ముగిసిన తర్వాత కూడా కొన్ని వారాలు ఉంటుంది. పొగాకు, గుట్కా వల్ల నోటి క్యాన్సర్లు ఎక్కువగా ఉన్న మన దగ్గర ఈ బాధ పడేవారి సంఖ్య తక్కువేం కాదు.

కాబట్టి మొదటి కీమోకు ముందే డాక్టరును ఈ ప్రశ్న అడగండి: ‘నాకు ఇస్తున్న మందుతో నోరు పూసే అవకాశం ఎంత? రాకుండా ముందే ఏం చేయాలి?’

కీమోకు ముందే పళ్ల డాక్టరు దగ్గరికి

క్యాన్సర్ అని తెలియగానే స్కాన్‌లు, బయాప్సీలు, రక్తపరీక్షలతో ఇంటిల్లిపాదీ పరుగులు తీస్తారు. ఆ హడావుడిలో పళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. కానీ పుచ్చిన పన్ను, చీము పట్టిన చిగురు, బుగ్గను గీరే పన్ను మొన కీమో మొదలయ్యాక పెద్ద సమస్యలవుతాయి. వీలైతే కీమోకు రెండు వారాల ముందే దంతవైద్యుడికి చూపించుకోవాలి. పన్ను తీయాల్సి వస్తే ఆ గాయం మానడానికి కనీసం పది రోజులైనా గడువుండాలి. గార తీయించుకోవడం, పుచ్చుకు ఫిల్లింగ్ వేయించుకోవడం వంటివి అప్పుడే పూర్తిచేసుకోవాలి. కట్టుడు పళ్లు వదులై గీరుకుపోతుంటే సరిచేయించుకోవాలి. క్యాన్సర్ తీవ్రత వల్ల కీమో వెంటనే మొదలుపెట్టాల్సి వస్తే పళ్ల కోసం దాన్ని ఆపకూడదు. అలాంటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేలుస్తారు. కీమో మధ్యలో మాత్రం క్యాన్సర్ డాక్టరుకు చెప్పకుండా పన్ను తీయించుకోవద్దు.

పొగాకు, ఖైనీ, పాన్, వక్కపొడి, మద్యం పూర్తిగా మానేయాలి. షుగరు ఉన్నవారు దాన్ని అదుపులో పెట్టుకోవాలి. షుగరు ఎక్కువగా ఉంటే పుండు త్వరగా మానదు, ఇన్ఫెక్షన్ తేలిగ్గా పట్టుకుంటుంది.

రోజూ చేయాల్సినవి

నోటిపూతను అడ్డుకోవడంలో ఖరీదైన మందుల కన్నా ముందు నిలిచేది నోటి శుభ్రత. ఇది మొదటి కీమో రోజు నుంచే మొదలవ్వాలి, పుండ్లు వచ్చాక కాదు.

మెత్తటి కుంచెలున్న బ్రష్‌తో ఉదయం, రాత్రి, వీలైతే తిన్న ప్రతిసారీ పళ్లు తోముకోవాలి. బ్రష్‌ను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే ఇంకా మెత్తబడుతుంది. ఘాటు లేని ఫ్లోరైడ్ పేస్టు చాలు. వేపపుల్ల, బొగ్గుపొడి, గరుకు పళ్లపొడి, ఉప్పుతో తోమడం ఈ కొన్ని నెలలూ పక్కన పెట్టండి. బ్రష్ కూడా భరించలేనంత నొప్పి ఉంటే, శుభ్రమైన మెత్తటి గాజుగుడ్డను తడిపి వేలికి చుట్టుకుని పళ్లు, చిగుళ్లు తుడుచుకోవచ్చు.

పుక్కిలించే నీళ్లు ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. పెద్ద గ్లాసుడు, అంటే సుమారు 250 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో పావు టీ స్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు కలపాలి. ఉప్పు ఇంతకన్నా ఎక్కువైతే మండుతుంది. నాలుగు గంటలకోసారి, తిన్న తర్వాత, పడుకునే ముందు నోరంతా తిరిగేలా పుక్కిలించి ఉమ్మేయాలి. తర్వాత మంచినీళ్లతో కడుక్కోవాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి. ఈ నీళ్లు పుండును మాయం చేయవు. కానీ నోటిని తడిగా, శుభ్రంగా ఉంచుతాయి. జిగటగా పేరుకున్నవి వదులుతాయి, ఇన్ఫెక్షన్ భయం తగ్గుతుంది.

దుకాణాల్లో దొరికే మౌత్‌వాష్‌లు చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది. అవి నోటిని ఎండబెట్టి మంటను పెంచుతాయి. ‘మంట పుట్టిందంటే క్రిములు చస్తున్నట్టే’ అనుకుని ఓర్చుకునేవారు ఉన్నారు. అది అపోహ. పెదాలకు పెట్రోలియం జెల్లీ రాసుకోండి. కట్టుడు పళ్లు రాత్రిపూట తీసి నీళ్లలో ఉంచండి. నోరు పూసిన రోజుల్లో తినేటప్పుడే పెట్టుకోండి.

ఇంట్లోవారు చేయాల్సిన పని ఒకటుంది. రోజుకోసారి సెల్‌ఫోన్ లైటు వేసి పెదాల లోపలి భాగం, బుగ్గలు, నాలుక కింద, అంగిలి చూడండి. ఎర్రబడిందా, తెల్లటి మచ్చలున్నాయా, రక్తం చెమ్మ ఉందా అన్నది ఒక కాగితం మీద తేదీతో రాసిపెట్టండి. ఎర్రదనం కనిపించిన రోజే చర్యలు మొదలుపెడితే ఆ తర్వాతి వారం చాలా తేలికవుతుంది. చిన్నపిల్లలు మంట అని చెప్పలేరు. చొంగ కారుతున్నా, పాలసీసా తోసేస్తున్నా, మింగేటప్పుడు ఏడుస్తున్నా నోట్లో చూడాల్సిందే.

ఐసుముక్క చేసే మేలు

కొందరికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. అదే ఐసుముక్క. 5-ఎఫ్‌యూ మందును నరంలోకి ఒకేసారి ఇంజెక్షన్‌గా ఇచ్చేటప్పుడు, అయిదు నిమిషాల ముందు మొదలుపెట్టి మొత్తం అరగంటపాటు చిన్న చిన్న ఐసుముక్కలు నోట్లో తిప్పుతూ చప్పరిస్తే నోటిపూత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా దీన్ని సిఫార్సు చేస్తున్నాయి. చల్లదనానికి నోట్లోని రక్తనాళాలు ముడుచుకుపోతాయి. నోటికి చేరే రక్తం, దాంతోపాటు మందు తగ్గుతాయి. ఈ మందు రక్తంలో ఎక్కువసేపు ఉండదు కాబట్టి ఆ అరగంట కాపాడుకుంటే చాలు. అధిక మోతాదు మెల్ఫలాన్ ఇచ్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి వాడతారు.

అయితే ఇది అందరికీ కాదు. మందును పంపు ద్వారా రెండు రోజులపాటు మెల్లగా ఎక్కిస్తుంటే, మాత్రల రూపంలో తీసుకుంటుంటే ఐసు వల్ల ఉపయోగం లేదు. ముఖ్యంగా ఆక్సాలిప్లాటిన్ అనే మందు కూడా ఉంటే ఐసు జోలికే పోకూడదు. ఆ మందు తీసుకున్నాక కొన్ని రోజులు చల్లటివి తగిలితే గొంతు పట్టేసినట్టు, ఊపిరి అందనట్టు అవుతుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఈ రెండు మందులనూ కలిపి ఇవ్వడం మామూలే. కాబట్టి ‘నేను ఐసు చప్పరించవచ్చా?’ అని అడిగిన తర్వాతే మొదలుపెట్టండి. సరేనంటే కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లోనే ఐసు చేసి ఫ్లాస్కులో తీసుకెళ్లండి.

బి-కాంప్లెక్స్ సంగతి

ఇప్పుడు అందరిళ్లలో ఉండే ఆ మాత్ర దగ్గరికొద్దాం. మామూలుగా నోరు పూస్తే బి-కాంప్లెక్స్ వేసుకోవడం మనకు అలవాటు. విటమిన్ లోపం వల్ల వచ్చిన పూతకైతే అది పనిచేస్తుంది. కీమో నోటిపూత విటమిన్ లోపం కాదు. పైగా ఆ మాత్రలు చాలావాటిలో ఉండే ఫోలిక్ యాసిడ్ కొన్ని కీమో మందులతో కలిస్తే నష్టం చేస్తుంది.

ఈ కథలో మన తెలుగువాడి పాత్ర ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఫోలిక్ యాసిడ్ వంటి విటమిన్లు ఒంటికి అందక మనిషి చిక్కిపోయి, నాలుక పుండుపడే జబ్బు అది. తర్వాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ కణాలు ఆగిపోతాయన్న ఆలోచనతో అదే బృందం అమినోప్టెరిన్ అనే మందును అందించింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. ఈ రోజుకీ వాడుతున్న మెథోట్రెక్సేట్ దానికి తోబుట్టువు లాంటి మందే. ఫోలిక్ యాసిడ్ అందకపోతే నోరు ఎందుకు పూస్తుందో, ఈ మందులు వాడినా అందుకే పూస్తుంది. అధిక మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చిన తర్వాత మంచి కణాలను కాపాడటానికి డాక్టర్లు లెక్కగట్టిన సమయానికి ల్యూకోవోరిన్ ఇస్తారు. అదీ ఫోలిక్ యాసిడ్ కుటుంబానిదే. ఇదే ల్యూకోవోరిన్‌ను 5-ఎఫ్‌యూతో కలిపి ఇస్తే ఆ మందు బలం పెరుగుతుంది.

అంటే ఒకే విటమిన్ కుటుంబం ఒక మందు దెబ్బను తగ్గిస్తుంది, ఇంకో మందు దెబ్బను పెంచుతుంది. కాపెసిటబిన్ వాడుతున్నవారు ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే నోటిపూత, విరేచనాలు తగ్గకపోగా ముదరవచ్చు. అందుకే విటమిన్ మాత్ర అయినా సరే, బలానికి తాగే పొడి అయినా సరే, డబ్బా ఫొటో డాక్టరుకు చూపించాకే వాడండి.

ఇక్కడే కీళ్లవాతం, సోరియాసిస్ ఉన్నవారికీ ఒక మాట. మీకిచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్‌ను డాక్టరే రాస్తారు, అది మానకండి. పొరపాటున మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ముందుగా కనిపించే ప్రమాద సంకేతాల్లో నోటిపూత ఒకటి. ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాత్ర వాడుతూ నోరు పూసిందంటే వెంటనే మాత్రల లెక్క చూడండి, అదే రోజు డాక్టరుతో మాట్లాడండి.

పూసిన తర్వాత ఏం చేయాలి?

డాక్టర్లు నోటిపూతను నాలుగు దశలుగా చూస్తారు. మంట, ఎర్రదనం ఉంటే మొదటి దశ. పుండ్లున్నా గట్టి ఆహారం తినగలిగితే రెండోది. జావలు, ద్రవాలు తప్ప ఏదీ దిగకపోతే మూడోది. నోటితో తిండి అసాధ్యమైతే నాలుగోది. ఫోనులో ‘నోరు బాగాలేదు డాక్టరుగారూ’ అనే బదులు, ‘నిన్నటిదాకా అన్నం తిన్నారు, ఇవాళ జావ మాత్రమే దిగుతోంది’ అని చెప్పండి. అవతలివారికి పరిస్థితి వెంటనే అర్థమవుతుంది.

చికిత్సలో ప్రధానమైనది నొప్పి తగ్గించడం. తినడానికి కాస్త ముందు నోట్లో తిప్పి ఉమ్మేసే లిగ్నోకెయిన్ ద్రవం నోటిని మొద్దుబారుస్తుంది. ఆ మొద్దులో నాలుక, బుగ్గ కొరుక్కునే ప్రమాదం ఉంది. గొంతు కూడా మొద్దుబారితే పొలమారవచ్చు. అందుకే వేడివి తినకుండా, చిన్న ముద్దలుగా నెమ్మదిగా తినాలి. బెంజిడమిన్ పుక్కిలింత మందును ముఖ్యంగా నోరు, గొంతు రేడియేషన్ తీసుకునేవారికి సూచిస్తారు. మూలుగ మార్పిడి, తల-మెడ రేడియేషన్ చికిత్సల్లో నోటిపూత రాకుండా తక్కువ శక్తి లేజర్ చికిత్స చేసే సదుపాయం కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు ఎవెరోలిమస్ మాత్ర వాడేవారికి డెక్సామెథసోన్ పుక్కిలింత మందు నోటిపూతను బాగా అడ్డుకుంటుంది. ఎవరికి ఏది అన్నది తీసుకునే చికిత్సను బట్టి ఉంటుంది. పక్క మంచం పేషెంటుకు పనిచేసిందని మీరూ అదే కొనుక్కోవద్దు.

నొప్పి మరీ ఎక్కువైతే మార్ఫిన్ వంటి మందులు రాయవచ్చు. ఆ పేరు వినగానే ‘ఇక చివరి దశ వచ్చిందా?’, ‘అలవాటైపోతుందేమో’ అని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. రెండు భయాలూ సరికాదు. నోటిపూత మానగానే ఆ మందును మెల్లగా తగ్గించి ఆపేస్తారు. నొప్పి తగ్గితేనే తిండి దిగుతుంది. తిండి దిగితేనే పుండు మానుతుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రితోపాటు పలు పెద్ద ఆసుపత్రుల్లో నొప్పి తగ్గించడానికే పాలియేటివ్ కేర్ విభాగాలున్నాయి. అవి చివరి రోజుల్లో ఉన్నవారికే కాదు, చికిత్స మధ్యలో బాధపడుతున్నవారికి కూడా.

నోట్లో గీకితే రాలే పెరుగు తునకల్లాంటి తెల్లటి పూత కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. పెదాల మీద, అంగిలి మీద చిన్న చిన్న నీటి పొక్కుల గుంపులు వస్తే హెర్పిస్ వైరస్ కావచ్చు. వీటికి వేరే మందులున్నాయి. చూపించకుండా పుక్కిలిస్తూ కూర్చుంటే తగ్గవు. పుండు మీద పసుపు అద్దడం, లవంగనూనె రాయడం, నిమ్మరసం పిండటం చేయకండి. తేనె సంగతి చాలామంది అడుగుతారు. తల-మెడ రేడియేషన్ తీసుకునేవారిలో తేనె కొంత మేలు చేస్తుందని అధ్యయనాలున్నాయి. కానీ షుగరు ఉన్నవారికి, పళ్లు పుచ్చే అవకాశం ఉన్నవారికి, తెల్లరక్తకణాలు పడిపోయినవారికి దాని చిక్కులు దానికున్నాయి. అందుకే అడిగి వాడండి.

కంచంలో ఏముండాలి?

‘ఏం పెట్టినా తినట్లేదు’ అన్నది ఇంట్లో వండేవారి ఆవేదన. ‘తినమని చంపుతున్నారు’ అన్నది పేషెంటు బాధ. ఈ రెండింటి మధ్య గొడవ పెట్టుకోకుండా పుండుకు తగలని తిండి వెతుక్కోవాలి.

మెత్తగా ఉడికించి, కాస్త నెయ్యి వేసి మెదిపిన పప్పన్నం, పెసరకట్టు, పాలలో నానబెట్టిన ఇడ్లీ, పలచటి రాగిజావ, సగ్గుబియ్యం జావ, గోధుమరవ్వ పాయసం, పూర్తిగా ఉడికిన గుడ్డును మెదిపి పాలలోనో పప్పులోనో కలిపి పెట్టడం, మాగిన అరటిపండు, సపోటా గుజ్జు వంటివి దిగుతాయి. పెరుగన్నం చాలామందికి హాయిగా ఉంటుంది. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు, పులుపెక్కకముందే పెట్టండి. తెల్లరక్తకణాలు బాగా పడిపోయిన రోజుల్లో పెరుగు, పచ్చి కూరగాయలు, పండ్ల విషయంలో మీ ఆసుపత్రి చెప్పిన నియమమే పాటించండి. ఏదైనా గోరువెచ్చగానో, చల్లారాకో పెట్టాలి. మూడు పూటలా కంచం నిండా కాకుండా రెండు గంటలకోసారి చిన్న గిన్నెడు చాలు. నొప్పి మందు పనిచేస్తున్న సమయంలోనే తినిపించడం తెలివైన పని. పుండు ఒక పక్కే ఉంటే స్ట్రా వాడి రెండో పక్క నుంచి తాగించవచ్చు.

ఆవకాయ, గోంగూర, చింతపండు పులుసు, టమాటా, నిమ్మ, బత్తాయి, కారప్పొడి, మిరియాల చారు కొంతకాలం వద్దు. జంతికలు, అప్పడాలు, గట్టి చపాతీ, వేపుళ్లు పుండును గీరుతాయి. పొగలు కక్కే కాఫీ, టీ మానాలి. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషికి ఇది శిక్షలాగే ఉంటుంది. పుండ్లు మానాక మళ్లీ తినొచ్చని ధైర్యం చెప్పండి.

ఈ లక్షణాలుంటే ఆగొద్దు

జ్వరం 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటితే రాత్రి రెండయినా సరే ఆసుపత్రికి ఫోను చేసి బయల్దేరండి. తెల్లరక్తకణాలు తక్కువున్న మనిషికి జ్వరం అత్యవసర పరిస్థితి. థర్మామీటరు పెట్టి చూడకుండా పారాసిటమాల్ వేయొద్దు. వేస్తే జ్వరం కప్పడిపోతుంది, ఇన్ఫెక్షన్ లోపల పెరుగుతుంది. ఒంటినొప్పులకు వాడే ఇతర నొప్పి మాత్రలు కూడా సొంతంగా వేయొద్దు. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు అవి రక్తస్రావానికి దారితీయవచ్చు.

రోజంతా నీళ్లు కూడా మింగలేకపోయినా, మూత్రం బాగా తగ్గినా, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా, నోటిపూతతోపాటు విరేచనాలు ఎక్కువైనా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఆలస్యం చేయొద్దు. కాపెసిటబిన్ మాత్రలు ఇంట్లోనే వేసుకునేవారు నోరు పూసిన రోజున, తర్వాతి మోతాదు వేసుకునేముందే ఆసుపత్రికి ఫోను చేసి కొనసాగించాలా, ఆపాలా అడగండి. ‘కోర్సు తప్పకూడదు’ అని పళ్ల బిగువున మింగడం ప్రమాదం.

కొంతమందిలో పుట్టుకతోనే 5-ఎఫ్‌యూ, కాపెసిటబిన్ మందులను విరిచేసే డీపీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. అలాంటివారికి మామూలు మోతాదే విషమవుతుంది. మొదటి విడతలోనే, అదీ అనుకున్న దానికన్నా ముందే, నోరంతా పుండ్లు పడి విరేచనాలు పట్టుకుంటే ఆ సంగతి వెంటనే డాక్టరుకు తెలియాలి. ఈ మందులు మొదలుపెట్టే ముందే ఆ లోపాన్ని పరీక్షించాలని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2020లో సూచించింది. మన దగ్గరా ఈ పరీక్ష గురించి డాక్టరును అడగవచ్చు.

చెప్పుకోవడం బలహీనత కాదు

నోటిపూత గురించి పేషెంట్లు ఎందుకు చెప్పరు? చాలామందిలో ఒక భయముంటుంది: చెబితే కీమో ఆపేస్తారేమో, మోతాదు తగ్గిస్తారేమో, జబ్బు తిరగబెడుతుందేమో అని. నిజం దీనికి దాదాపు తిరగబడి ఉంటుంది. మొదటి దశలో చెబితే పుక్కిలింత మందుతోనో, నొప్పి మాత్రతోనో, వచ్చేసారి ఐసుతోనో సర్దుకుంటుంది. కీమో అనుకున్న తేదీకే సాగే అవకాశం పెరుగుతుంది. చెప్పకుండా దాచి, మూడో దశలో బరువు తగ్గి, జ్వరంతో ఆసుపత్రిలో చేరితే అప్పుడు వాయిదా తప్పదు. మోతాదు తగ్గించాల్సి వచ్చినా, అది మీ శరీరానికి తగినట్టు చికిత్సను సరిచేయడమే కానీ వదిలేయడం కాదు.

ఆసుపత్రులకూ ఒక విన్నపం. ఇప్పుడు చాలామంది పొద్దున వచ్చి, కీమో ఎక్కించుకుని, సాయంత్రం బస్సెక్కి ఊరెళ్లిపోతున్నారు. నోరు పూసేది వారం తర్వాత, వాళ్ల ఊళ్లో, వాళ్లింట్లో. అప్పటికి పక్కన నర్సు ఉండదు. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లిషులో ఉన్న నాలుగు వాక్యాలు ఆ ఇంటికి ఏం చెబుతాయి? కీమో ఇచ్చే ప్రతి చోటా తెలుగులో ఒక్క పేజీ చాలు. ఏ రోజుల్లో నోరు పూయవచ్చు, ఏం పుక్కిలించాలి, ఏం వేసుకోకూడదు, ఎంత జ్వరానికి పరుగెత్తాలి, రాత్రిపూట ఏ నంబరుకు చేయాలి అన్నవి అందులో పెద్ద అక్షరాలతో ఉండాలి. కీమోకు ముందు పళ్ల పరీక్ష కూడా రక్తపరీక్షలాగే మామూలు పద్ధతి కావాలి. వీటికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

అలాంటి కాగితం మీ ఆసుపత్రి ఇవ్వకపోతే మీరే అడగండి. అప్పటిదాకా ఇంట్లో ఒక థర్మామీటరు, మెత్తటి బ్రష్, వంటసోడా డబ్బా, ఆసుపత్రి ఫోను నంబరు ఒకేచోట పెట్టుకోండి. కీమో అయిన అయిదో రోజు నుంచి రోజూ ఒకసారి నోరు తెరవమని అడగండి. ఎర్రబడినట్టు కనిపిస్తే ‘వేడి చేసిందిలే’ అనకుండా ఆ నంబరుకు ఫోను చేయండి.